కల్బాలో మంత్రిగారు ఇచ్చిన మాట

ఈమధ్య మా జగిత్యాల వైపు పిల్లలు ఇద్దరు ఫోన్ చేసి, "తాతా, దుబాయ్‌ల ఎంబసీకి ట్రాన్స్‌లేటర్ పనికి పోదామనుకుంటున్నం, పని ఎట్లుంటది?" అని అడిగారు. జీతం సంగతి, వీసా సంగతి వాళ్ళకు నాకంటే బాగా తెలుసు. పని ఎలా ఉంటుందో చెప్పేవాళ్ళే దొరకలేదట. ఫోన్‌లో చెప్పడం నా వల్ల కాలేదు, అందుకని రాస్తున్నాను.

ప్రమోషన్ల గురించి రాయను. రాయడానికి లేవు కూడా. చేరిన రోజు స్థానిక సిబ్బందిని, అంటే అక్కడికక్కడ పెట్టుకున్న మనిషిని, దిగిపోయిన రోజూ స్థానిక సిబ్బందినే. ఇద్దరు పై అధికారుల గురించి, నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను.

దిండు లాంటి మనిషి

నేను ఉర్దూ మీడియంలో చదువుకున్నవాణ్ణి. డెబ్బైల మధ్యలో టైపిస్టుగా షార్జా వచ్చాను. ఉర్దూ లిపి తెలిసినవాడికి అరబ్బీ అక్షరాలు కొత్త కావు. మాట్లాడడం బజారులో నేర్చుకున్నాను. కొన్నాళ్ళు ఆఫీసుల బయట చిన్న బల్ల వేసుకుని కూలీలకు అర్జీలు టైపు చేసి ఇచ్చాను. మా కరీంనగర్ వాళ్ళు, గోదావరి జిల్లాల ఆడవాళ్ళు, పాకిస్తానీలు, అందరూ వచ్చేవారు. అలా అర్జీల దగ్గర పేరు వచ్చి, దుబాయ్‌లో కొత్తగా తెరిచిన ఒక దౌత్య కార్యాలయంలో దుబాసీగా కుదిరాను. అది ఆగ్నేయాసియాలోని ఒక దేశానిది. ఏ దేశమో రాయను. ఆ దేశం వాళ్ళు అప్పటికే వేలల్లో అక్కడ పనిచేస్తున్నారు, మగవాళ్ళు వెల్డింగ్, పైపుల పనుల్లో, ఆడవాళ్ళు ఇళ్ళల్లో.

మా ఆఫీసు అంటే నాలుగు బల్లలు, ఒక టెలెక్స్ మిషను, ఒక కారు. మొదటి అధికారి జీవితమంతా దౌత్య ఉద్యోగంలో గడిపిన మనిషి, నెమ్మదస్తుడు. నాకు మొదటి రోజే ఒకటి చెప్పాడు. "రాజేశం, కోపం అనువాదం చెయ్యకు. రెండువైపులా కోపం ఉంటుంది. నువ్వు మధ్యలో దిండులా ఉండు." నేను అలాగే ఉన్నాను. ఎవరు ఎంత గట్టిగా అరిచినా అవతలివాడికి అది మర్యాదగానే చేరేది. అందరూ నన్ను మెచ్చుకునేవారు. ఆ మెచ్చుకోలుకు అలవాటు పడిపోయాను.

మూడేళ్ళకు ఆయన బదిలీ అయ్యాడు. ఆయన స్థానంలో మంత్రిగారు వచ్చాడు.

పదవి పోయిన మంత్రి

ఆయన నిజంగానే మంత్రి. తొమ్మిదేళ్ళు వాళ్ళ దేశానికి కార్మిక మంత్రిగా ఉన్నాడు. మంత్రివర్గంలో సాటి మంత్రి ఒకడి అవినీతి మీద నోరు జారాడు. జైలుకు పంపితే గొడవవుతుందని మా నాలుగు బల్లల ఆఫీసుకు పంపారు. మేం "మినిస్టర్" అనే పిలిచేవాళ్ళం. ఆయన వద్దనలేదు.

కారు ప్రయాణాల్లో తన సంగతులు చెప్పేవాడు. తండ్రి ఓడరేవులో మూటలు మోసిన కూలీ. తను అదే రేవులో గుమస్తాగా చేరి, ఇరవై రెండేళ్ళ వయసులో సమ్మె నడిపి ఏడు నెలలు జైల్లో ఉన్నాడు. బయటికొచ్చి లా చదివాడు, సంఘం నాయకుడయ్యాడు, ఎన్నికల్లో గెలిచాడు. మంత్రి అయ్యాక, దేశంలో పని లేక ఖాళీగా ఉన్న జనాన్ని గల్ఫ్‌కు పంపే పథకం తయారు చేసింది ఆయనే. కాంట్రాక్టు కాగితం నమూనా ఆయన చేతి రాతే. ఆ సంగతి గర్వంగా చెప్పేవాడు. "నేను పంపినవాళ్ళ ఇళ్ళ మీద ఇప్పుడు రేకులున్నాయి, రాజేశం. అంతకుముందు ఆకులు." అది అబద్ధం కాదు.

వచ్చిన నెలలోపే షార్జా దగ్గర సజ్జాలో ఒక కూలీల క్యాంపు మీద ఫిర్యాదు వచ్చింది. తాగే నీళ్ళ ట్యాంకరు రెండు రోజులకోసారి వస్తోందని, ఒక్కో గదిలో ఇరవై మందిని పెట్టారని. మంత్రిగారు వెంటనే బయలుదేరాడు. కంపెనీ ముదీర్, అంటే మేనేజరు, గదిలో కూర్చుని, వేలు చూపిస్తూ అన్నాడు. "మా మనుషుల్ని మీరు పశువుల కొట్టంలో పెట్టారు. మీ కుక్కకు కూడా ఇంతకంటే మంచి నీళ్ళు పోస్తారు."

నేను అరబ్బీలో చెప్పాను. "వసతి, నీటి విషయంలో కొంచెం శ్రద్ధ తీసుకుంటే సంతోషిస్తామని అంటున్నారు."

ముదీర్ చిరునవ్వు నవ్వి తల ఊపాడు. మంత్రిగారు నా వైపు చూశాడు. బయటికొచ్చాక కారు దగ్గర నన్ను ఆపాడు.

"నేనన్న మాటకు ఆ మనిషి ముఖం ఎర్రబడాలి. అతను నవ్వాడు. నువ్వేం చెప్పావు?"

నేను చెప్పిన మాట ఇంగ్లీషులో అప్పజెప్పాను.

"నేను నీ దగ్గర జీతానికి ఉన్నానా, నువ్వు నా దగ్గర ఉన్నావా? ఇకమీదట నా మాట నాది, వాళ్ళ మాట వాళ్ళది. నీ మాట ఏదీ మధ్యలో వద్దు. పద లోపలికి."

మళ్ళీ లోపలికి తీసుకెళ్ళి మళ్ళీ అదే మాట అన్నాడు. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను. కుక్క మాటతో సహా. ముదీర్ లేచి నిలబడ్డాడు. గొడవైంది. కానీ మర్నాటి నుంచి ట్యాంకరు రోజూ వచ్చింది. ఆ విషయంలో ఆయన ఒప్పు, నేను తప్పు. దిండు పద్ధతి పై అధికారులకు సుఖం, క్యాంపులో ఉన్నవాడికి దండగ.

అదే రోజు క్యాంపు వాకిట్లో ఆయన తమ దేశం వాళ్ళతో మాట్లాడుతుంటే, పక్క బ్యారక్ నుంచి మా వాళ్ళు కొందరు చూడడానికి వచ్చారు. దుబాయ్ సత్వాలో మునుపు నా గదిలో ఉన్న మల్లేశం వాళ్ళల్లో ఉన్నాడు.

"గాయన ఎవరే అన్నా?" అన్నాడు.

"వాళ్ళ దేశంల మంత్రి ఉండె."

"మంత్రా? మరి గీడికెందుకొచ్చిండు?"

"పదవి పోయిందిరా."

"పదవున్నప్పుడు రావద్దా మరి?" అన్నాడు మల్లేశం, అంత గట్టిగా అనాల్సిన పని లేదు.

మంత్రిగారు చెవి ఇటు వేసి, "ఏమంటున్నాడు?" అని అడిగాడు. నా మాట ఏదీ మధ్యలో వద్దన్నాడు కదా. చెప్పాను. ఆయన "మంచి ప్రశ్న," అన్నాడు.

కల్బా ఇల్లు

తరవాతి ఏడాది వేసవిలో కాంతమ్మ ఫోన్ చేసింది. కోనసీమ మనిషి. షార్జాలో బల్ల వేసుకున్న రోజుల్లో ఆమెకు ఒక అర్జీ టైపు చేసి ఇచ్చాను. అప్పటినుంచి పండగకో పబ్బానికో పలకరించేది. ఇప్పుడు తూర్పు తీరాన కల్బాలో ఒక ఇంట్లో వంట చేస్తోంది. కిరాణా కొట్టులోంచి మాట్లాడుతోంది.

"అన్నయ్యగారూ, మా పక్కింట్లో మీ ఆఫీసోళ్ళ దేశం పిల్లుందండి. రెండేళ్ళ కాగితం అయిపోయి ఐదు నెల్లయిందండి. వాళ్ళమ్మకి జబ్బంట. ఈ పిల్ల కూతురు కూడా ఆవిడ దగ్గరే ఉందంట. పంపమంటే పంపట్లేదండి. ఆ పిల్ల తినటం మానేసింది. ఎవరైనా వచ్చి అడగండి బాబూ."

ఆ అమ్మాయిని ఇక్కడ నీనా అని రాస్తాను, అసలు పేరు కాదు. మంత్రిగారికి చెప్పగానే, ఉత్తరాలు వద్దు, నేనే వెళ్తానన్నాడు.

అప్పట్లో కల్బా అంటే కొండలు దాటి సగం రోజు ప్రయాణం. ఆ వారంలో నాకది మూడో దూర ప్రయాణం. కారులో ఏసీ పాడై, కొండల మధ్య వేడిగాలి ముఖాన కొడుతుంటే చేరాం. సముద్రం ఒడ్డున తెల్లటి ఇల్లు. యజమాని అరవై దాటిన మనిషి, చాలా మర్యాదస్తుడు. గుమ్మం దాకా వచ్చి చెయ్యి పట్టుకుని, అతిథులను కూర్చోబెట్టే మజ్లిస్‌లోకి తీసుకెళ్ళాడు. ఖర్జూరం, కహ్వా కాఫీ పెట్టించాడు. సముద్రం గురించి, చేపల గురించి మాట్లాడాడు.

మంత్రిగారు విషయం చెప్పాడు. గడువు అయిపోయిందని, తల్లికి జబ్బని, పాస్‌పోర్టు ఇచ్చి పంపమని. ఎక్కడా గొంతు పెంచలేదు. నేను మాటకు మాట చెప్పాను.

యజమాని శ్రద్ధగా విన్నాడు. విని, బదులు చెప్పే ముందే, లోపలికి తిరిగి పనిమనిషితో అగరు తెమ్మన్నాడు. అప్పుడు మా వైపు తిరిగి అన్నాడు.

"ఆమె మా ఇంటి పిల్ల లాంటిది. మీ మాట నా తల మీద. ఉపవాసాల నెల వస్తోంది, అది పోనివ్వండి. అంతా మంచే జరుగుతుంది, ఇన్షా అల్లా."

ఇక్కడ మీకు ఒకటి చెప్పాలి. ఆ ఇళ్ళల్లో అగరు ధూపం చుట్టూ తిప్పారంటే కూర్చోవడం అయిపోయిందని అర్థం. అతిథి లేవాలి. మాటకు ముందే ధూపం తెమ్మన్నవాడు తలుపు మూసేశాడన్నమాట. ఆయన చెప్పిన దానికి అర్థం, పంపనని. ఆ గొంతు నేను వందసార్లు విన్నాను. నాకు తెలియక కాదు.

మంత్రిగారికి ఆ వాక్యాలు ఒక్కొక్కటీ ఇంగ్లీషులో చెప్పాను. ఒక్క ముక్క వదల్లేదు, ఒక్క ముక్క చేర్చలేదు.

ఆయన నన్ను అడిగాడు. "అంటే మాట ఇచ్చినట్టేనా?"

"ఆయనన్న మాటలు ఇవీ సర్," అన్నాను.

అంతే. అప్పుడు నోరు విప్పితే, ఇంకో గంట కూర్చోవాలి, పాస్‌పోర్టు అక్కడికక్కడే అడగాలి, మర్యాద చెడాలి, బహుశా రాత్రికి అక్కడే ఉండిపోవాలి. నాకు నడుము నొప్పిగా ఉంది. పైగా, మధ్యలో నీ మాట వద్దని చెప్పింది ఆయనే కదా అని మనసులో ఒక మూల మొండితనం కూడా ఉంది. నిజం చెప్పుకోవాలంటే అదీ ఉంది.

వాకిట్లో నీనా నిలబడి ఉంది. సన్నగా, పొట్టిగా, తలకు గుడ్డ కట్టుకుని. మంత్రిగారు వాళ్ళ భాషలో ఏదో చెప్పాడు. ఆ అమ్మాయి ఆయన చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకుంది. నాకు ఆ భాష అంతగా రాదు. కానీ ఏం చెప్పాడో అర్థమైంది. ఉపవాసాలయ్యాక ఇంటికి వెళ్తావని మాట ఇచ్చాడు.

నాకు దొరికిన నెల

నాలుగు రోజులకు కాంతమ్మ మళ్ళీ ఫోన్ చేసింది.

"అన్నయ్యగారూ, మంత్రిగారు మాటిచ్చారంట కదండీ? ఆ పిల్ల అన్నం తింటందండి, పాటలు కూడా పాడుకుంటంది. కానీ ఆ ముసలాయన ప్రతీదానికీ అలాగే అంటాడండీ. నేను పనిచేసే ఇంటోళ్ళతో స్థలం గొడవక్కూడా అలాగే అన్నాడు, ఏళ్ళు గడిచిపోయాయి. మీకు తెలీదేటండి?"

"చూద్దాంలే అమ్మా," అన్నాను.

కల్బా గదిలో అలిసిపోయి ఊరుకున్నాను, సరే. తరవాత నెల రోజులున్నాయి. రోజూ మంత్రిగారి ఎదురుగా బల్ల దగ్గర కూర్చున్నాను. ఏ రోజైనా చెప్పొచ్చు. చెబితే, అప్పుడే ఎందుకు చెప్పలేదని అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నకు భయపడి ముప్పై రోజులు గడిపేశాను.

పండగ వచ్చింది. నీనా పెట్టె సర్దుకుని గుమ్మం దగ్గర పెట్టుకుందట. ఎవరూ ఏమీ అనలేదు. వారం చూసి ఇంటావిణ్ణి అడిగింది. "నీకెవరు చెప్పారు?" అందట ఆవిడ. ఆ మధ్యాహ్నమే నీనా పెట్టె పట్టుకుని బయటికి నడిచింది. పక్క ఊరు ఫుజైరాకు పోయే రోడ్డు మీద, నడినెత్తిన ఎండ. దుబాయ్ ఎటో కూడా ఆ అమ్మాయికి తెలియదు. రోడ్డు పక్కన పడిపోయి ఉంటే ఒక లారీ డ్రైవరు చూసి పోలీసులకు చెప్పాడు. ఆస్పత్రిలో తొమ్మిది రోజులు ఉంది. ఈలోగా కఫీల్, అంటే వీసా ఇప్పించిన ఆ ఇంటి యజమాని, ఆమె పారిపోయిందని ఫిర్యాదు రాసిచ్చాడు. ఆస్పత్రి నుంచి కస్టడీకి వెళ్ళింది. ఆమె కస్టడీలో ఉండగానే ఊళ్ళో తల్లి పోయింది.

మేం చూడడానికి వెళ్ళాం. కలవడానికి వచ్చినవాళ్ళను చూసుకునే ఆడ పోలీసు మంచి మనిషి, కుర్చీలు వేయించింది. నీనా పెదవులు పగిలిపోయి ఉన్నాయి. మంత్రిగారి వైపు చాలాసేపు చూసి వాళ్ళ భాషలో ఏదో అడిగింది. ఆయన తల ఊపాడు. తిరుగు దారిలో ఆయనే చెప్పాడు.

"మా దేశం విమానాశ్రయంలో, బయలుదేరే హాల్లో నా ఫోటో ఉండేది. నవ్వుతూ. కింద, మీరు దేశానికి గౌరవం అని రాసి ఉండేది. ఆ ఫోటోలో ఉన్నది మీరేనా అని అడిగింది."

మళ్ళీ ఆయనే అన్నాడు. "పాస్‌పోర్టు భద్రత కోసం యజమాని దగ్గర ఉంచవచ్చని కాంట్రాక్టులో ఒక పేరా ఉంది. అది నేనే రాశాను. పోగొట్టుకుంటారేమోనని. అప్పుడు నాకు మంచి ఆలోచనే అనిపించింది."

నివేదిక

ఫిర్యాదు వెనక్కి తీయించడానికి రెండు నెలలు పట్టింది. ఈసారి ఆయన మర్యాదలు చూడలేదు. అందరి గుమ్మాలూ ఎక్కాడు, ఎక్కడా ధూపానికి లేవలేదు. నీనా వెళ్ళిపోయింది. ఆ తరవాత ఆయన సొంత ప్రభుత్వానికి పదకొండు పేజీల నివేదిక రాసి నా చేత టైపు చేయించాడు. పాస్‌పోర్టు పేరా తీసేయాలని, అది రాసిన తప్పు తనదేనని, కల్బా విషయం పూర్తిగా రాశాడు. నా వేళ్ళు ఒకచోట ఆగిపోయాయి. అక్కడ ఇలా ఉంది: "దుబాసీ చెప్పినదాంట్లో లోపం లేదు. అర్థం చేసుకోవడంలో లోపం నాది."

అప్పుడు కూడా నేను చెప్పలేదు. టైపు చేశాను. తప్పుల్లేకుండా టైపు చేశాను.

పేరా మారలేదు. ఆయన్ని వెనక్కి పిలిచి పదవీ విరమణ ఇచ్చారు. ఈసారి వేరే ఆఫీసు కూడా ఇవ్వలేదు. వెళ్ళేరోజు విమానాశ్రయానికి నేనూ డ్రైవరూ తప్ప ఎవరూ రాలేదు. సామాను ఇచ్చేశాక ఒక బెంచీ మీద కూర్చున్నాం. అక్కడ చెప్పాను. ధూపం సంగతి, ఆ గొంతు సంగతి, కాంతమ్మ ఫోన్ సంగతి, అంతా. చెబుతున్నంతసేపూ నా బూట్ల వైపే చూశాను.

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"నేను తొమ్మిదేళ్ళు మంత్రిగా చేశాను," అన్నాడు. "'చూద్దాం, అంతా మంచే జరుగుతుంది' అనే మాటకు అర్థం నాకు ఇంకొకరు చెప్పాలా? నేనే ఎన్ని వేలమందికి చెప్పి ఉంటాను! ఆయన మొదటి వాక్యం దగ్గరే నాకు తెలిసింది, రాజేశం. కానీ ఆ పిల్ల వాకిట్లో ఎదురుచూస్తోంది. ఆమెకు చెప్పడానికి నాకో మాట కావాలి. నువ్వు మంచి మాట ఒకటి అందించావు. తీసుకున్నాను."

"మరి నన్ను అడిగారు కదా సర్, మాట ఇచ్చినట్టేనా అని?"

"నువ్వు కాదంటావేమోనని అడిగాను. అనలేదు. నాకు సుఖమైంది."

చెబితే మనసు తేలికవుతుందని అనుకున్నాను. అవలేదు. ఆ గదిలో ఒక్కడికే తెలిసి ఊరుకోవడం వేరు. ఇద్దరికీ తెలిసి, ఇద్దరం తల ఊపుకుంటూ బయటికి వచ్చామంటే ఏమనుకోవాలో నాకు ఈ రోజుకీ తెలియదు.

ఆ తరవాత ఇంకో ఎనిమిదేళ్ళు చేశాను, ముగ్గురు అధికారుల దగ్గర. ప్రతి మాటా ఉన్నదున్నట్టు చెప్పాక, "ఇది ఆయనన్న మాట. నాకు వినబడింది మాత్రం ఇదీ," అని విడిగా ఒక వాక్యం చేర్చేవాణ్ణి. ఒకడికి నచ్చింది, ఇద్దరికి నచ్చలేదు. మీరు ఈ పనిలో చేరితే ఆ వాక్యం వల్ల మీకు తిట్లు పడతాయి. పడనివ్వండి. నడుము నొప్పిగా ఉన్న రోజున, తిరిగి వెళ్ళాల్సిన దూరం గుర్తొచ్చిన రోజున మరీ జాగ్రత్తగా చెప్పండి. అబద్ధం ఆడాలని నేను ఏనాడూ అనుకోలేదు, అలిసిపోయానంతే. అవతల మనిషికి జరిగే నష్టం మాత్రం రెంటికీ ఒకటే.

మంత్రిగారి దగ్గర నుంచి ఒకే ఒక ఉత్తరం వచ్చింది, ఆయన వెళ్ళిన ఆర్నెల్లకు. నీనా వాళ్ళ ఊరు వెతుక్కుంటూ వెళ్ళాడట. రెండు బస్సులు, ఒక పడవ. ఆమె ఇంట్లోనే ఉంది, కూతురితో. ఎవరొచ్చారో పొరుగువాళ్ళు చెప్పారు. ఆమె బయటికి రాలేదు. ఆయన గుమ్మం బయట బల్ల మీద మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. ఆఖరి పడవ వేళకు లేచి వచ్చేశాడు.

"ఆమె ఏమీ అనలేదు," అని రాశాడు. "ఈసారి నాకు దుబాసీ అవసరం పడలేదు."